పదిహేనో పచ్చ తలుపు

పెద్దాయన కుడిచేతి కట్టు విప్పించి చూశాను. అరచేతిలో ఒక్క గీత కూడా లేదు. దెబ్బంతా నాలుగు వేళ్ళ కొనల మీదే ఉంది. నాలుగూ ఒకే వరసలో గీరుకున్నాయి. గోళ్ళ కింద ఎర్రటి పొడి కనిపిస్తే ఎండిన రక్తమనుకున్నాను. తీసి నలిపితే వేళ్ళ మధ్య గరగరలాడింది. తుప్పు.

నోటు పుస్తకంలో రాసుకున్నాను: పదకొండూ నలభై. వేళ్ళ కొనలు, తుప్పు.

"ఆయన చేతులు ఎక్కడికీ పోవు బాబూ," అంది ఆయన భార్య. "మా అమ్మాయికి సూది పడింది నిన్న పొద్దున ఎనిమిదిన్నరకి. ఆ లెక్క చూడు ముందు."

ఆ లెక్క నేను మెట్లెక్కేటప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఇరవై ఏడు గంటలా పది నిమిషాలు. వాళ్ళమ్మాయికి తొమ్మిదో ఏట వచ్చిన షుగరు, ఒళ్ళు ఇన్సులిన్ బొత్తిగా తయారుచేసుకోని రకం. రోజుకి నాలుగు సూదులు పడాలి. తెలిసిన వైద్యుడొకాయనకి దారిలోనే ఫోన్ చేసి అడిగాను. సూది లేకుండా రోజు దాటితే రక్తం విషమవుతుందనీ, వాంతులూ ఆయాసమూ పట్టుకుంటాయనీ, పైగా నీళ్ళు కూడా అందకపోతే రెండో రాత్రి గడవడం కష్టమనీ చెప్పాడు. ఫోన్ దగ్గరే పెట్టుకుని ఉండమని బతిమాలుకున్నాను.

జరిగింది ఇదీ. ఇది మెదడు జబ్బుల పరిశోధన కేంద్రం. పూర్వం ఈ బిల్డింగులో టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉండేది. పెద్దాయన అందులోనే ముప్పై ఏళ్ళు కేబుళ్ళు అతికే పని చేశాడు. అందరూ జాయింటర్ గారు అనేవాళ్ళు. ఐదేళ్ళుగా ఆయనకి అల్జీమర్స్. కూతురు ఇదే బిల్డింగులో స్కాన్ రికార్డులు చూసే టెక్నీషియన్. రోజూ తండ్రిని వెంట తెచ్చుకుని, పై అంతస్తులో ముసలివాళ్ళు పగలు కూర్చునే హాల్లో వదిలి, కిందికి పనికి పోతుంది. నిన్న పది ముప్పై ఒకటికి తల్లికి ఫోన్ చేసి ఒకే ముక్క చెప్పింది. "నాన్న ఫొటో నాన్నది కాదమ్మా. సాయంత్రం చెప్తా." పది నలభైకి తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లవైపు నడుస్తూ కెమెరాలో కనిపించింది. పదకొండుంపావుకి ఆయనొక్కడే చొక్కా మీద రక్తంతో పై వరండాలో కనిపించాడు. అమ్మాయేదని అడిగితే "పచ్చ తలుపు" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లడిగినా ఎవరమ్మాయి అంటున్నాడు.

ఫోన్ పెట్టేశాక తల్లి బీరువా తీసి పెళ్ళి ఫొటో దగ్గర నుంచి పింఛను కార్డు దాకా అన్నీ చూసుకుందట. అన్నిట్లోనూ ఉన్నది ఆయనే.

"ఏం గడియారం, పొద్దున్నే కీ ఇచ్చుకుని వచ్చావా?"

ఇన్స్పెక్టరు. ఇద్దరం ఒకే స్టేషన్లో ఆరేళ్ళు పనిచేశాం. ప్రతిదానికీ టైము రాస్తానని ఆ పేరు పెట్టింది అతనే. నేను ఉద్యోగం మానేసి సొంతంగా కేసులు చూసుకోవడం మొదలుపెట్టాక ఆ పేరుని ఊరంతా పంచాడు.

అతని లెక్క వేరు. అమ్మాయితోపాటు రోగుల స్కాన్లున్న హార్డ్ డిస్కు కూడా మాయమైంది. ఎవరికో అమ్మడానికి పట్టుకుపోయిందని స్కాన్ విభాగం డాక్టరమ్మ నిన్న నాలుగింటికి కంప్లయింటిచ్చింది. అప్పటి నుంచి అతని మనుషులందరూ బస్టాండులో, రైల్వే స్టేషన్లో కాపలా కాస్తున్నారు. ఈ బిల్డింగులో మిగిలింది అతనూ, ఒక కానిస్టేబులూ.

మందు వదిలేసి పారిపోయేవాళ్ళు ఉంటారా అని అడిగాను. సూదీ మందూ ఉన్న సంచి ఆమె లాకర్లోనే దొరికింది, ఇప్పుడు అతని జీపులో ఉంది. మందుల షాపులు ఊరికే ఉన్నాయా అన్నాడు.

"మరి పచ్చ తలుపో?"

"నీకంటే ముందే ఆలోచించాన్లే. ఈ బిల్డింగులో పద్నాలుగు పచ్చ తలుపులున్నాయి. పద్నాలుగూ దగ్గరుండి తీయించాను. చీపుర్లు దొరికాయి. పదిహేనోది నీ జేబులో ఉంటే తియ్యి, చూస్తాను."

తల్లి మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్నే పట్టుకుంది. "నిన్న నుంచీ వీళ్ళు మా అమ్మాయి దొంగా కాదా అని చూస్తున్నారు బాబూ. బతికుందా అని ఎవరూ చూడ్డం లేదు."

పన్నెండూ ఐదుకి డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. తల్లి బయట ఉండనంది.

డాక్టరమ్మకి యాభై ఏళ్ళుంటాయి. మాట మెత్తన. నిన్న పది గంటల నుంచి పన్నెండున్నర దాకా స్కాన్ మిషన్ దగ్గరే ఉన్నాననీ, మధ్యలో బయటికి రాలేదనీ చెప్పింది. కంప్లయింటు కాపీ నా చేతిలో ఉంది. డిస్కు రికార్డుల గది బీరువాలోంచి పదిన్నరకీ పదకొండుకీ మధ్య పోయిందని రాసి సంతకం పెట్టింది కూడా ఆవిడే. మిషన్ దగ్గర నుంచి కదలని మనిషికి పదకొండింటికి బీరువాలో డిస్కు లేదని ఎలా తెలిసిందని అడిగాను. అటెండరు చెప్పాడంది. ఏ అటెండరు అంటే గుర్తులేదంది. ఈ బిల్డింగులో ఆ మాటకి విలువెక్కువ కాబట్టి నేను నొక్కలేదు. రాసుకున్నాను.

తర్వాత ఆ డిస్కులో అంత విలువైనది ఏముందో చెప్పమన్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను, అందులో సైన్సు లేదు, తెలియనిది తెలియదని చెప్పడానికి సిగ్గుపడను, మామూలు మాటల్లో చెప్పండి అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వింది. పని గురించి అడిగితే మొహం వెలిగే మనిషే. అది నాకు నచ్చింది, అందుకే ఇంకా భయమేసింది.

"టావ్ అని ఒక ప్రొటీన్ ఉంటుంది. ఈ జబ్బులో అది వంకర తిరుగుతుంది. తిరిగి ఊరుకోదు, దగ్గరికొచ్చిన మంచిదాన్ని కూడా తన వంకరలోకి తిప్పుకుంటుంది. మొదలయ్యేది ఇక్కడ, చెవికి లోతుగా, కొత్త జ్ఞాపకం లోపలికొచ్చే గుమ్మం దగ్గర. అక్కణ్ణుంచి పక్కింటికి పాకుతుందనుకుంటాం. పాకదు. గోడ ఆనుకున్న ఇల్లు ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది. ఊరవతలున్న వియ్యాలవారిల్లు ముందు అంటుకుంటుంది. కణానికీ కణానికీ మధ్య తీగ ఎటుంటే అటే. రాకపోకలు ఎంత ఎక్కువుంటే అంత తొందరగా."

"నీళ్ళు దిగిన కేబులు," అంది తల్లి.

ఇద్దరం ఆమెవైపు తిరిగాం.

"ఆయన చెప్పేవారు. కేబులు తొడుగుకి బెజ్జం పడితే తడి పక్క కేబులుకి పోదట. అదే కేబులులో లోపల్లోపల పాకి ఎక్కడో దూరాన ఫోన్లు మూగబోతాయట. దగ్గర్లో తవ్వి లాభం లేదు, తీగ వెంబడి పోవాలి అనేవారు."

సరిగ్గా అంతే అంది డాక్టరమ్మ.

మరి చేతుల సంగతేమిటని అడిగాను. పైన పెద్దాయన రంగురంగుల ఊలు దారాలు పట్టుకుని మెలికలు తిప్పుతుండటం చూశాను. మనిషి పేరు గుర్తులేని ఆయనకి ఆ వేళ్ళ చురుకు ఎలా మిగిలిందో అర్థం కాలేదు. చేతులాడించే చోటికి ఈ జబ్బు ఆఖరున చేరుతుందట. ఏళ్ళ తరబడి చేసి చేసి వంటబట్టిన పని నిలబడి ఉండే చోటు వేరట. "పెళ్ళాం పేరు మర్చిపోయినవాళ్ళు కూడా గొళ్ళెం పెట్టడం మర్చిపోరు," అంది.

తాము పరీక్షిస్తున్న మందు ఆ తీగల మీది ప్రయాణాన్ని ఆపుతుందని చెబుతూ, తన ల్యాప్‌టాప్‌లో ఉన్న రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. రెండింటి మీదా జాయింటర్ గారి నంబరే. వంకర తిరిగిన టావ్ ఉన్న చోట రంగు పడుతుందట. పోయినేడాది బొమ్మలో ఎడమవైపు చెవి లోతుల్లో ఎర్రగా, అక్కణ్ణుంచి వెనక్కి సాగిన మరక. ఈ ఏడాది బొమ్మలో ఎడమ పక్క తేటగా ఉంది. కుడివైపు మాత్రం కాస్త పసిమి, చిన్న చుక్క.

"మందు పనితనం," అంది.

"ఈ తలకాయ ఫొటో తీసిన రోజు ఆయన ఎంత గొడవ చేశారనుకున్నావు బాబూ," అంది తల్లి.

నా పెన్ను ఆగింది. "ఏమన్నారమ్మా? ఫొటోనా?"

"ఇంట్లో అలాగే అంటాం. స్కానో ఏదో, నాకు నోరు తిరగదు."

మళ్ళీ బొమ్మల వంక చూశాను. తీగ వెంబడే పోయే జబ్బు ఎడమ పక్క మొత్తం ఖాళీ చేసి, చుట్టరికం లేని వీధిలోకి కాపురం మార్చింది. మందు తుడిచిందే అనుకుందాం. తుడిచిన మందు కుడివైపు కొత్తగా అంటించదు కదా. ఆ మాట అడిగేలోపే డాక్టరమ్మ ల్యాప్‌టాప్ మూసేసింది. మెత్తగానే మూసింది. చెయ్యి మాత్రం మూత మీద నుంచి తీయలేదు.

నాన్న ఫొటో నాన్నది కాదు.

వరండాలోకి రాగానే ఇన్స్పెక్టరుకి చెప్పాను. మందు పనిచేయడం లేదు, వేరేవాళ్ళ స్కాన్ తీసుకొచ్చి ఈయన నంబరు కింద పెట్టారు, కూతురు కనిపెట్టింది, సాక్ష్యం పోకుండా డిస్కు తీసింది. అతను చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ విన్నాడు.

"తలకాయ బొమ్మలు చూసి అరెస్టులు చేయమంటావా? నా తలకాయ తీస్తారు పైవాళ్ళు."

"అరెస్టు తర్వాత. ముందు అమ్మాయి. ఆమె బస్టాండులో లేదు. ఇక్కడే ఉంది."

"ఎక్కడ?"

టైము చూశాను. పన్నెండూ నలభై. ఇరవై ఎనిమిది గంటలు దాటింది. తల్లి గోడకి చేరబడి, పమిట కొంగు పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది. ఏడవడం లేదు. ఏడిస్తే మా ఇద్దరి పనీ ఆగిపోతుందని ఆపుకున్నట్టుంది.

ఇంక మిగిలిన సాక్షి ఒక్కడే. వెళ్ళి పెద్దాయన ఎదురుగా కూర్చున్నాను. అడగవలసినవన్నీ అందరూ అడిగేశారు కాబట్టి ఏమీ అడగలేదు. ఆయన చేతులే చూశాను.

బుట్టలో పది రంగుల ఊలు ఉండలున్నాయి. ఒక్కో రంగు నుంచి జానెడు దారం తీసి, రెండేసి కలిపి మెలితిప్పి, టేబులు అంచున వరసగా పేరుస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. వంగి చెవి పెట్టాను.

"తెలుపు నీలం. తెలుపు నారింజ. తెలుపు ఆకు. తెలుపు గోధుమ. తెలుపు బూడిద."

కేబులులో తీగ జంటల వరస, వాళ్ళ మాటలో పెయిర్లు. మసక వెలుతుర్లో, రంగు చూసి నంబరు చెప్పడానికి వాళ్ళు నేర్చుకునే ఎక్కం. తెలుపు అయిపోయాక ఎరుపు ఎత్తుకున్నాడు. ఎరుపు నీలం, ఎరుపు నారింజ, ఎరుపు ఆకు.

తలుపు దగ్గర నుంచి ఇన్స్పెక్టరు, ఇంకా ఎంతసేపు ఈ అల్లికల పోటీ అని అడిగాడు. చెయ్యెత్తి ఆగమన్నాను. ఏదో పంటి కింద రాయిలా తగులుతోంది, ఏమిటో తెలియడం లేదు. నలుపు మొదలైంది. నలుపు నీలం. నలుపు నారింజ. నలుపు ఆకు అంటూ ఆయన వేళ్ళు ఆకుపచ్చ ఉండ మీద వాలాయి.

అదీ తగిలింది. ఈయన ఆకుపచ్చని పచ్చ అనడం లేదు. ఆకు అంటున్నాడు. మూడుసార్లూ ఆకు అనే అన్నాడు. మరి పచ్చ అంటే?

ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. నలుపు గోధుమ. నలుపు బూడిద. చెయ్యి బుట్టలోకి పోయి, పసుపు ఉండని పైకి తీసింది.

"పచ్చ నీలం," అన్నాడు జాయింటర్ గారు. "పచ్చ నారింజ. పచ్చ ఆకు."

పసుపు ఉండ మీద వేలు పెట్టి, ఇదేం రంగండీ అని అడిగాను. తలెత్తకుండానే, పచ్చ అన్నాడు. పని తెలియని కుర్రాడితో మాట్లాడినట్టుంది ఆ గొంతు.

లేచేసరికి కుర్చీ వెనక్కి పడింది. ఇన్స్పెక్టరుని చొక్కా పట్టుకుని లాగినంత పని చేశాను. పచ్చంటే పసుపు, పసుపు రంగు తలుపు ఎక్కడుందని అడిగాను.

"పచ్చంటే పచ్చే కదయ్యా. చెట్టు రంగు."

"పచ్చకామెర్లు వస్తే మనిషి ఏ రంగుకి తిరుగుతాడు? చెట్టు రంగుకా?"

అతను కానిస్టేబులువైపు తిరిగాడు. కానిస్టేబులు నెమ్మదిగా అందుకున్నాడు. నేలకింద, జనరేటరు గది పక్కన, ఇనప తలుపొకటి ఉంది సార్, పసుపు రంగుది, మీద ప్రమాదం బొమ్మ ఉంది, కరెంటువాళ్ళదనుకున్నాం, నిన్నట్నుంచి మూడుసార్లు దాని ముందు నుంచే తిరిగాం. తాళం వేసుంది.

ఒంటిగంటా పది. మెట్లు రెండేసి దిగాం. నేలకింద ఫోన్ సిగ్నల్ లేదు. మెట్ల మలుపు దాకా ఉన్న ఒక్క సిగ్నల్ గీత కూడా అది దాటగానే ఆరిపోయింది. జనరేటరు మోతకి పక్కమనిషి మాట కూడా సరిగ్గా వినపడలేదు. ఆ మోత నిన్న పొద్దున నుంచీ ఉందట. తలుపు ఉంది. తాళం నా పిడికిలంత. కొట్టాం, అరిచాం, చెవి ఆనించాం. ఇనుము వణుకుతోంది, అది జనరేటరు వణుకో, లోపలి నుంచి ఎవరైనా కొడుతున్నారో తెలియలేదు. కానిస్టేబులు గునపం కోసం పరిగెత్తాడు. బిల్డింగులో గునపం ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు.

నేను మళ్ళీ మెట్లెక్కి, మలుపు దగ్గర అంబులెన్సుకి ఫోన్ చేసి, హాల్లోకి వెళ్ళి పెద్దాయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"జాయింటర్ గారూ, కింద లైను పడిపోయింది."

ఊలు వదిలేశాడు. "ఏ పెయిరు?"

"తెలియదండీ. మీరు రావాలి."

లేచాడు. అన్నం దగ్గరికి కూడా చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన మనిషి, నాకంటే ముందు మెట్లు దిగాడు. మలుపులో గోడకి తగలకుండా భుజం ఒంచాడు. భార్య వెనకాల నడుస్తూ, అమ్మాయి చిన్నప్పుడు రోజూ ఆయనకి కేరేజీ తెచ్చి ఈ మెట్ల మీదే కూర్చునేదని చెప్పింది. ఎవరికి చెప్పిందో నాకు తెలియదు.

ఆయన పసుపు తలుపు ముందు ఆగాడు. ఇన్స్పెక్టరుని చూడలేదు, నన్నూ చూడలేదు. కుడిచెయ్యి దానంతటదే లేచి, తలుపు చట్రం పైఅంచు మీద తడిమింది. తుప్పు పెళ్ళలు రాలాయి. పొద్దున చూసిన గాయాల మీదే మళ్ళీ నాలుగు గీతలు పడ్డాయి. చెయ్యి కిందికొచ్చేసరికి అందులో తాళంచెవి ఉంది.

ఇంత పెద్ద తాళంచెవి అక్కడ ఎవరు పెట్టారని ఇన్స్పెక్టరు అరిచాడు. జవాబు నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. అప్పుడు దానికి టైము లేదు.

ఒంటిగంటా పద్దెనిమిదికి తలుపు తెరుచుకుంది.

అమ్మాయి గుమ్మానికి రెండడుగుల దూరంలో, పాత కేబుళ్ళ కట్టల మధ్య పక్కకి ఒరిగి ఉంది. కాలి చెప్పు చేతిలో ఉంది. తలుపు లోపలివైపు నడుమెత్తున రంగంతా పెచ్చులూడి ఉంది, ఆ చెప్పుతో కొట్టి కొట్టి. ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతోంది. నోటి దగ్గర కుళ్ళిన పండు వాసన. తెల్లకోటు జేబులో డిస్కు. ఎవరికీ పట్టని ఈ గదిలో దాచడానికే వచ్చినట్టుంది. తల్లి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలిచింది. రెండోసారికి కనురెప్పలు కదిలాయి. బతికుంది.

ఇన్స్పెక్టరు గోడకి చెయ్యి ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, గునపం దొరక్క తిరిగొచ్చిన కానిస్టేబులుని జీపులోని సంచి తెమ్మని తరిమాడు. ఆ సంగతి మాత్రం రాసుకున్నాను.

సంచి వచ్చింది, డాక్టరమ్మ చేతుల్లో. మెట్ల దగ్గర కానిస్టేబులు ఎదురైతే, నేను డాక్టర్ని, ఇలా తే అందట. అతను ఇచ్చేశాడు. ఎవరైనా ఇస్తారు. వచ్చీ రావడంతోనే మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్క క్షణం ఆలస్యం చేసినా దక్కదంటూ అమ్మాయి చెయ్యి అందుకుంది. మందు నింపిన సూది అప్పటికే సిద్ధంగా ఉంది.

"ఎన్ని గీతలు ఎక్కించారమ్మా?" అని అడిగింది తల్లి.

"ఇలాంటప్పుడు డోసు పెంచాలి. మీకు తెలియదు, చెయ్యి వదలండి."

"నాకు చదువు రాదు. గీతలు లెక్కపెట్టడం వచ్చు. దాని తొమ్మిదో ఏట నుంచి రోజుకి నాలుగుసార్లు లెక్కపెడుతున్నాను. దీనికి పన్నెండు దాటి ఎప్పుడూ ఎక్కించలేదు." ఆమె డాక్టరమ్మ మణికట్టు వదల్లేదు. "ఇది నిండా ఉంది."

వంద. నేను వంగి చూశాను. ఆఖరి గీత వంద.

డాక్టరమ్మ మొహంలో రంగు పోయింది. కంగార్లో చూసుకోలేదంది. చెయ్యి వణికిందంది. తర్వాత గొంతు మార్చి, సూది పడకపోతే చచ్చిపోతుంది, ఇక్కడ డాక్టర్ని నేనొక్కదాన్నే, మీ ఇష్టం అంది. అందులో సగం నిజం. అదే మమ్మల్ని కట్టిపడేసింది.

ఫోన్ పట్టుకుని మెట్ల మలుపు దాకా పరిగెత్తాను. వైద్యుడు మొదటి రింగుకే ఎత్తాడు. వంద అనగానే, చంపుతారా ఏమిటని అరిచాడు. పది చాలు, అంతకంటే వద్దు, సెలైన్ ఎక్కించాలి, మిగతాది ఆస్పత్రిలో చూస్తారు అన్నాడు. అదే మాట అరుచుకుంటూ వెనక్కొచ్చాను.

తల్లి సూది తీసుకుంది. వెలుగుకేసి పట్టుకుని, పిస్టన్ నొక్కి ఎక్కువైన మందు నేల మీద వదిలేస్తూ, పెదాలు కదుపుతూ వెనక్కి లెక్కపెట్టింది. పదో గీత దగ్గర ఆగింది. కూతురి కడుపు మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని గుచ్చింది.

ఇన్స్పెక్టరు డాక్టరమ్మ మోచెయ్యి పట్టుకున్నాడు. "టైమెంత, గడియారం?" అన్నాడు. ఎగతాళి లేదు. "నిజంగానే అడుగుతున్నాను. రాసుకో. నేలమీద పడ్డ మందు సంగతి కూడా రాయి."

ఒంటిగంటా ఇరవై ఆరు. వాళ్ళిద్దరూ మెట్లెక్కారు. డాక్టరమ్మ మాట్లాడలేదు. మలుపు దగ్గర మాత్రం ఆగి, ఆ గదిని, అందులో గుట్టలుగా పడున్న తీగల్ని ఒకసారి చూసింది. ఇక్కడ ఇలాంటి గది ఉందని తనకి తెలియదంది. ఆ మాట నమ్మాను. ఆ తెల్లబోయిన మొహం ఎవరూ నటించలేరు. ఆమెకి ఈ గది తెలియకపోతే తాళం వేసిందెవరు?

పై నుంచి స్ట్రెచరు చప్పుడు వినపడింది. దారి చూపించడానికి నేను గది బయటికి వచ్చాను. నాతోపాటు పెద్దాయన కూడా బయటికి అడుగు పెట్టాడు. ఇంతసేపూ ఆయన కేబుళ్ళ మీద చెయ్యి వేసి, ఒక్కొక్కటీ తడిమి చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి గది నాలుగు మూలలా కళ్ళు తిప్పాడు, ముప్పై ఏళ్ళు రోజూ సాయంత్రం చూసినట్టే. ఎడమచేత్తో తలుపు పట్టుకుని లాగాడు. కుడిచేతిలో తాళం.

లోపల వెలుతురు సన్నగిల్లుతూ, తల్లి ఒళ్ళో ఉన్న కూతురి పాదాల మీంచి, మోకాళ్ళ మీంచి, మొహం మీంచి జరిగిపోతోంది.

కాలు అడ్డం పెట్టాను. ఇనుము మడమకి తగిలి ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన నావైపు చూశాడు. కోపం లేదు. పద్ధతి తెలియని కొత్త పనివాడి మీద జాలి ఉంది.

"పనయ్యాక తలుపు వెయ్యాలి బాబూ," అన్నాడు ఓపిగ్గా. "తడి దిగితే లైన్లన్నీ పోతాయి."

నేను లోపలికి చూడలేకపోయాను. చూడకపోయినా తెలిసింది. తల్లి చూసింది. ఆ చెయ్యి, ఆ తాళం, ఆ వేళ్ళ కొనల రక్తం, నిన్న పదకొండింటికి జరిగింది, అన్నీ ఒకే చూపులో చూసింది. స్ట్రెచరు వాళ్ళు ఆఖరి మెట్టు దిగారు. ఆమె భర్తని, ఇంట్లో రోజూ మాట్లాడే గొంతుతోనే పిలిచింది.

"ఏమండీ, ఆగండి. అమ్మాయి ఇంకా లోపలే ఉంది."